మధ్యలో ఆపేసిన కథ: ఫిలిప్పీన్స్ బాల్యస్మృతుల్లో టెలివిజన్

1979 ఆగస్టులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ పిల్లలు చూసే ఒక కార్టూన్ కథను నిషేధించాడు. దాని పేరు 'వోల్టెస్ ఫైవ్'. జపాన్‌లో తయారైన మరమనిషి కథ. ప్రతి శుక్రవారం సాయంకాలం ఆరు గంటలకు ఏడవ నంబరు చానెల్లో వచ్చేది. మొత్తం నలభై భాగాలు. ఇంకో నాలుగైదు వారాలు గడిస్తే కథ ముగుస్తుందనగా ఆపేశారు. అప్పటికి ఏడేళ్ళుగా దేశాన్ని సైనికశాసనంతో ఏలుతూ, చట్టసభను మూసి, పత్రికల్ని మూసి, వేలాదిమందిని జైళ్ళలో కుక్కిన ప్రభుత్వానికి ఇది చాలా చిన్న పని. చరిత్ర గ్రంథాల్లో దీనికి ఒక వాక్యం దొరికితే ఎక్కువ. కాని ఆనాడు ఏడెనిమిదేళ్ళ పిల్లలై ఉండి, ఇప్పుడు యాభై దాటిన ఫిలిప్పీన్ దేశస్థుల్ని కదిలిస్తే, వాళ్ళలో చాలామంది సైనికశాసనం గురించి మొదట చెప్పే సంగతి ఇదే.

మన విమర్శలో గతస్మృతికి మంచి పేరు లేదు. వర్తమానంతో తలపడలేనివాడు గతంలోకి పారిపోతాడని మనం చాలాసార్లు రాశాం. ఆ మాట తప్పని నేననను. అయితే పారిపోవడానికి గతంలో ఒక చల్లని నీడ ఉండాలి గదా! తెర మీద కథ నడుస్తుండగా రాజ్యం వచ్చి తెర దించిన గతంలోకి ఎవరు పారిపోతారు? ఆ స్మృతి ఏ కోవలోకి వస్తుంది? నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి ఈ ప్రశ్నే కారణం.

ఈ విషయం నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. గల్ఫ్ ద్వారా తెలిసింది. జగిత్యాల వైపు నుంచి దోహా వెళ్ళి పన్నెండేళ్ళు పనిచేసిన మా మేనత్త కొడుకు చాలాకాలం ఒక ఫిలిప్పీన్ ఎలక్ట్రీషియన్‌తో ఒకే గదిలో ఉన్నాడు. ఆయన వంట చేసుకుంటూ ఒక పాట పాడేవాడట. అర్థమేమిటని అడిగితే తెలియదన్నాడట. అది జపాను పాట, చిన్నప్పుడు టి.వి.లో వచ్చేది, ఆ కథను మా ప్రెసిడెంటు ఆపించాడు అని చెప్పాడట. సెలవు మీద వచ్చినప్పుడు మావాడు నవ్వుతూ నాతో అన్న మాట ఇది: "బొమ్మల సినిమా ఆపిండని ఒక ప్రెసిడెంటు మీద ఇన్నేండ్లు పగ వెట్టుకుంటరా బావా?" పెట్టుకుంటారా, పెట్టుకోరా అన్నది చూడాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఫిలిప్పీన్స్‌లో టెలివిజన్ 1953 అక్టోబరు 23న మొదలయింది. ప్రారంభించినవాడు అప్పటి అధ్యక్షుడు ఎల్పిడియో కిరీనో సోదరుడు ఆంటోనియో కిరీనో. అంటే పుట్టుకలోనే అది పాలకకుటుంబపు సొత్తు. మన దేశంలో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రసారాలు మొదలైంది 1959లో. హైదరాబాదు కేంద్రం వచ్చింది 1977లో. మన దగ్గర ప్రభుత్వ శాఖగా పెరిగిన టెలివిజన్ అక్కడ అమెరికా నమూనాలో, ప్రకటనల మీద బతికే వ్యాపారంగా పెరిగింది. లోపేజ్ అనే జమీందారీ, విద్యుత్తు వ్యాపార కుటుంబం చేతిలోని ఏబీఎస్-సీబీఎన్ సంస్థ అందులో పెద్దది. అమెరికన్ కార్యక్రమాలు, సబ్బుల ప్రకటనలు, పాటల పోటీలు, మధ్యలో కాస్త ఘాటుగా రాజకీయ చర్చ: 1960ల చివరి దాకా తెర మీద నడిచింది ఇదే.

1972 సెప్టెంబరు 23 శనివారం. శనివారం ఉదయం కార్టూన్ల కోసం టి.వి. పెట్టిన పిల్లలకు తెర మీద చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ముందు రోజు రాత్రే సైన్యం వార్తాపత్రికల కార్యాలయాలనూ ప్రసార కేంద్రాలనూ స్వాధీనం చేసుకున్నది. సమాచార, రక్షణ మంత్రులకు ఆ మేరకు మార్కోస్ ఇచ్చిన ఆదేశం ఆ పరంపరలో మొదటి నంబరుది. దీనర్థం పాఠకులు గమనించాలి: సైనికశాసనంలో మొదటి ఆదేశం తుపాకుల గురించి కాదు, వార్తల గురించి. ఆ సాయంకాలం ఏడు గంటలు దాటాక తెర మళ్ళీ వెలిగింది. కార్టూన్ స్థానంలో మార్కోస్ కూర్చుని సైనికశాసనం ప్రకటించాడు. ఆ తరాన్ని అక్కడ 'మార్షల్ లా బేబీలు' అంటారు. వాళ్ళ బాల్యపు మొదటి చానెల్ ఇదన్నమాట.

లోపేజ్ కుటుంబపు చానెళ్ళు పోయాయి. వారసుడు యుజెనియో లోపేజ్ జూనియర్ జైలుకు పోయాడు. 1977లో తప్పించుకుని అమెరికా చేరాడు. వాళ్ళ స్టూడియోలు మార్కోస్ సహాధ్యాయి, చక్కెర వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న రొబెర్టో బెనెడిక్టో చేతిలోకి వచ్చాయి. ఒక పెట్టుబడిదారు పోయి ఇంకొక పెట్టుబడిదారు వచ్చాడు. రెండోవాడు రాజుగారి మనిషి. 'కొత్త సమాజం' అని మార్కోస్ పేరు పెట్టిన దాని ఆర్థిక స్వరూపం ఇంతే.

ఇప్పుడు వాళ్ళు తలచుకునే హాస్య ధారావాహికలు ఈ బెనెడిక్టో చానెళ్ళలోనే పెరిగాయి. వాటిలో అందరికంటే ముందు చెప్పేది 'జాన్ ఎన్ మార్షా'. 1973లో మొదలై 1990 దాకా నడిచింది. డాల్ఫీ అనే గొప్ప హాస్యనటుడు జాన్‌గా, నీదా బ్లాంకా మార్షాగా వేశారు. జాన్ పేదవాడు, పాకలాంటి ఇంట్లో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు. అత్తగారు డోన్యా డెలైలా కోటీశ్వరురాలు. అల్లుడి ఇంటికి వచ్చి కష్టపడి పైకి రమ్మని తిట్టిపోయడమే ఆమె పని. ఆమె డబ్బు ముట్టనని అల్లుడి పంతం. దీన్ని చూసి దేశం పదిహేడేళ్ళు నవ్వింది.

ఈ నవ్వును నేను తక్కువ చెయ్యను. పేదవాడి ఆత్మగౌరవాన్ని డాల్ఫీ నటించిన తీరులో జనం తమను చూసుకున్నారు. అది ఊరికే వచ్చే ఆదరణ కాదు. కాని అదే కాలంలో మనీలా వీధుల్లో ఏం జరుగుతున్నదో దాని పక్కన పెట్టి చూడాలి. 1974లో మనీలాలో విశ్వసుందరి పోటీలు జరిగాయి. 1976 అక్టోబరులో ప్రపంచబ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థల వార్షిక సమావేశం జరిగింది. ఈ విదేశీ అతిథుల కంట పడకుండా అధ్యక్షుడి భార్య ఇమెల్డా మురికివాడల ముందు గోడలు, దడులు కట్టించింది. కొన్నిచోట్ల గుడిసెల్నే పీకించింది. అసలు పాకను గోడ వెనక దాచి, పాక సెట్టింగును ప్రతి ఇంటి గదిలోకీ పంపించిన పాలన అది. తెర మీది పాకలో పేదరికానికి కారణం ఎవరు? కష్టపడని అల్లుడు. భూస్వామి లేడు, చక్కెర గుత్తవ్యాపారి లేడు, ప్రపంచబ్యాంకు లేదు. అత్తగారి తిట్టులో ఉన్న అర్థశాస్త్రం ప్రభుత్వ అర్థశాస్త్రమే. చూసేవాడు ఆమెను చూసి నవ్వాడు గనుక ఆ అర్థశాస్త్రాన్ని పూర్తిగా నమ్మలేదని కూడా అనవచ్చు. హాస్యంలో ఉన్న చిక్కు ఇది. దాన్ని ఎటువైపైనా లాగవచ్చు.

ఇక 'వోల్టెస్ ఫైవ్'.

జపాన్‌లో ఇది 1977 జూన్ నుంచి 1978 మార్చి దాకా ప్రసారమయింది. దర్శకుడు తదావో నగహామా. నిజం చెప్పాలంటే అది బొమ్మల కంపెనీల అమ్మకాలకోసం పుట్టిన సరుకు. ఐదు యంత్రాలు కలిసి ఒక మహాకాయుడు కావడం కథకు ఎంత అవసరమో అంగడికి అంతకంటే అవసరం. ఫిలిప్పీన్స్‌లో 1978లో ఇంగ్లీషు మాటలతో మొదలయింది. అప్పుడు వారంలో ఒక్కో రోజు ఒక్కో మరమనిషి: 'మజింగర్ జెడ్', 'దైమోస్', 'మెకాండా రోబో' వగైరా. టి.వి. లేని పిల్లలు ఉన్నవాళ్ళ కిటికీలకు వేలాడి చూశారు.

కథ ఇది. బోజాన్ అనే గ్రహం ఉంది. అక్కడ తలమీద కొమ్ములతో పుట్టినవాళ్ళు ప్రభువులు. కొమ్ములు లేకుండా పుట్టినవాళ్ళు బానిసలు. రాజవంశంలోనే కొమ్ములు లేకుండా పుట్టిన ఒకడు దొంగకొమ్ములు పెట్టుకుని పెరిగి, గుట్టు బయటపడి బానిసల్లోకి నెట్టబడతాడు. తిరుగుబాటు చేసి, భూమికి పారివచ్చి, ఇక్కడ ఒక శాస్త్రవేత్తను పెళ్ళాడి, ముగ్గురు కొడుకుల్ని కని, రాబోయే దండయాత్రను ఎదుర్కొనే యంత్రానికి రూపకల్పన చేసి, మాయమవుతాడు. దండయాత్ర వస్తుంది. తల్లి మొదట్లోనే యుద్ధంలో చనిపోతుంది. ఆ ముగ్గురు కొడుకులు, మరో ఇద్దరు కలిసి యుద్ధం చేస్తూ తండ్రి కోసం వెతుకుతారు. చివరి భాగాల్లో యుద్ధం బోజాన్ గ్రహం మీదికి మారుతుంది. కొమ్ములు లేనివాళ్ళు తిరగబడతారు. చక్రవర్తి కూలతాడు. తండ్రి దొరుకుతాడు.

మార్కోస్ ఆపింది సరిగ్గా ఈ చివరి భాగాల్ని. ప్రభుత్వం చెప్పిన కారణం హింస. ఈ కార్టూన్ల హింస పిల్లల్ని చెడగొడుతున్నదని కొందరు తల్లిదండ్రులు, మతసంస్థలవాళ్ళు ఆందోళన చేసిన మాట వాస్తవం. మిగతా మరమనుషుల్నీ దీనితోపాటే తీసేశారు. జనం మాత్రం తిరుగుబాటును చూపించినందుకే ఆపాడని అప్పటినుంచీ నమ్ముతున్నారు. మార్కోస్ మనసులో ఏముందో నిరూపించే అవసరం మనకు లేదు. హింస పిల్లలకు హాని అని ప్రకటించిన ఆ ప్రభుత్వం ఏమిటో మాత్రం రికార్డులో ఉంది. సైనికశాసన కాలపు హింసకు గురైనవారికి పరిహారం కోసం 2013లో చట్టం చేసి, దాని కింద వచ్చిన దరఖాస్తుల్ని పరిశీలించి 11,103 మందిని బాధితులుగా అధికారికంగా గుర్తించారు. ఇవి రుజువు చూపగలిగిన కేసులు మాత్రమే.

రాజ్యం చేసే సాహిత్యవిమర్శ గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1973లో, సైనికశాసనం మంచి ఊపులో ఉండగా, ప్రభుత్వానికి అనుకూలమైన 'ఫోకస్' అనే పత్రికలో ప్రొమీథియస్ మీద ఒక ఇంగ్లీషు కవిత అచ్చయింది. కవి పేరు కొత్తది. పురాణ వస్తువు, గంభీరమైన శైలి. సెన్సారువాళ్ళకు అభ్యంతరం కనబడలేదు. పాదాల మొదటి అక్షరాల్ని పైనుంచి కిందికి కలిపి చదివితే మార్కోస్‌ను హిట్లరనీ, నియంత అనీ, పెంపుడు కుక్క అనీ తిట్టే వీధి నినాదం వస్తుందని తర్వాత తెలిసింది. రాసినవాడు హోసే లకాబా. ఆయన్ని 1974లో పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. రెండేళ్ళు జైల్లో ఉంచారు. కవితలో అంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని చదవలేకపోయిన సెన్సారు, ఎవరో పరాయి దేశంలో బొమ్మలమ్ముకోవడానికి గీసిన కథలో తిరుగుబాటును చదివాడు! లేదా జనమే చదివి అతని చేత చదివించారు. రచయిత ఉద్దేశం, పాఠకుడి అర్థం అని మనం తరగతుల్లో చెప్పే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అంతమాత్రాన 'వోల్టెస్ ఫైవ్'ను వర్గపోరాట కావ్యమని నేను చెప్పబోవడం లేదు. మనవాళ్ళకు ఆ తొందర ఉంది. కొమ్ములూ బానిసలూ కనిపించగానే ఊరుకోలేరు. అందులో విమోచన ఆకాశంనుంచి దిగి వస్తుంది, అది తెచ్చేది రాజవంశంవాడి కొడుకులు. బానిసలు చివర లేస్తారు, మహాయంత్రం తోడు ఉన్నాక. తయారైన చోట అది మామూలు వీరగాథ. మనీలాలో ఆ వీరగాథను ముగించనివ్వలేదు. దాని రాజకీయమంతా అక్కడ ఉంది. తిరుగుబాటు భాగం చూడని పిల్లలకు, తిరుగుబాటు అనేది ఎవరో చూడనివ్వని వస్తువుగా గుర్తుండిపోయింది.

జపాను పాట సంగతి కూడా తక్కువది కాదు. ఈ పిల్లల తాతలూ అమ్మమ్మలూ 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం కింద నలిగినవాళ్ళు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలా కోసం జరిగిన యుద్ధంలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. జపాన్‌తో 1960లో కుదిరిన స్నేహ, వాణిజ్య ఒప్పందాన్ని ఫిలిప్పీన్స్ సెనేట్ ఆమోదించకుండా ఏళ్ళ తరబడి ఆపింది. సెనేట్ లేకుండా పోయాక 1973లో మార్కోస్ ఆమోదించాడు. జపాన్ సరుకులు వచ్చాయి, వాటి వెనక బొమ్మల కథలు వచ్చాయి. తాతను కొట్టిన సైనికుడి భాషలో మనవడు ఒక్క ముక్క అర్థం కాకుండా పాట పాడాడు. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ పాట వింటూ ఏమనుకున్నారో ఎవరైనా ఫిలిప్పీన్ రచయిత కథగా రాసి ఉంటే చదవాలని ఉంది.

నాకు ఇందులో అన్నిటికంటే బరువుగా తోచేది తండ్రి సంగతి. అది తండ్రిని వెతికే పిల్లల కథ. 1974లో మార్కోస్ కొత్త కార్మికచట్టం తెచ్చాడు. మనుషుల్ని విదేశాలకు పనికి పంపడాన్ని ప్రభుత్వమే ఒక కార్యక్రమంగా చేపట్టింది. చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేస్తున్న కాలం. ఇక్కడ అప్పులు, నిరుద్యోగం, అక్కడ రియాళ్ళు. తండ్రులు సౌదీకి పోయారు, ఓడలెక్కారు. తర్వాత తల్లులు హాంకాంగ్‌కు, సింగపూర్‌కు ఇంటిపనికి పోయారు. ఆ తర్వాత ఆ పిల్లలే పోయారు. తండ్రి ఎక్కడో దూర గ్రహం మీద బందీగా ఉన్నాడని చెప్పే కథను, తండ్రి జెడ్డాలో ఉన్న పిల్లవాడు ఎలా చూసి ఉంటాడో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో పాఠం చెప్పేవాళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు. మా బడిలో ప్రతి తరగతిలో ఇద్దరో ముగ్గురో అటువంటి పిల్లలుంటారు. తండ్రి దొరికే భాగం రాకుండానే వాళ్ళ కథ ఆగింది. దోహాలో మా మేనత్త కొడుకుతో గది పంచుకున్నాయన ఈ తరంవాడే.

1986 ఫిబ్రవరి 24 ఉదయం మార్కోస్ తన కుటుంబాన్ని పక్కన పెట్టుకుని ప్రభుత్వ చానెల్ నాలుగులో విలేఖరులతో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతుండగానే తెర ఆరిపోయింది. తిరుగుబాటు సైనికులు ఆ కేంద్రాన్ని పట్టుకున్నారు. మర్నాడు తొమ్మిదవ చానెల్లో అతని ప్రమాణస్వీకారం చూపిస్తుండగా అదీ ఆగిపోయింది. ఆ రాత్రే అతను దేశం వదిలిపోయాడు. తర్వాత 'వోల్టెస్ ఫైవ్' మళ్ళీ వచ్చింది. 1999లో ఫిలిపినో భాషలో వచ్చి కొత్త తరాన్నీ పట్టుకున్నది. ఇరవై ఏళ్ళు ఆగినవాళ్ళు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ముగింపు చూశారు.

స్మృతి అంతా మార్కోస్ చుట్టూ తిరగదు. ఆ పతన కాలంలోనే వాళ్ళకు ఒక నిజమైన పిల్లల కార్యక్రమం పుట్టింది: 'బాటిబోట్'. అమెరికన్ 'సెసమీ స్ట్రీట్' సంస్థతో కలిసి 1983లో మొదలుపెట్టిన 'సెసమీ!' దీనికి మూలం. ఆ భాగస్వామ్యం తెగిపోయాక, స్వదేశీ నిర్వాహకులు 1985లో 'బాటిబోట్' పేరుతో తమ భాషలో, తమ ఊళ్ళతో, తమ ఆటలతో కొనసాగించారు. ఆ మాటకు చిన్నదైనా గట్టిది అని అర్థం. దానికి ప్రధాన రచయిత రెనే విల్యనువేవా. నాటకకర్త, కథకుడు. పెద్ద సాహిత్య బహుమతులన్నీ తీసుకున్నవాడు, పిల్లల చేత అక్షరాలు పలికించే మాటలు రాయడానికి ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. 2007లో చనిపోయాడు. పెద్ద రచయితలు పిల్లలకోసం రాయడం చిన్నతనమనుకునే మన పరిస్థితితో పోల్చుకుని నాకు సిగ్గేసింది. అయితే ఆ కార్యక్రమంలో పిల్లలు ప్రాణం పెట్టుకున్న తాబేలు పోంగ్ పగోంగ్, కోతి కీకో మత్సింగ్ పాత్రల హక్కులు అమెరికన్ సంస్థవి. 1990వ దశకంలో వాటిని తీసేయవలసి వచ్చింది. భాష తమది, పాట తమది, తాబేలు మాత్రం న్యూయార్కుది. మార్కోస్ ఒక కథను ఆపితే పిల్లలు అతన్ని గుర్తుపెట్టుకున్నారు. హక్కుల పత్రం రెండు పాత్రల్ని ఎత్తుకుపోతే ఎవరి పేరు గుర్తుపెట్టుకోవాలో కూడా వాళ్ళకు తెలియలేదు.

2020 మే 5న ఏబీఎస్-సీబీఎన్ ప్రసారాలు రెండోసారి ఆగాయి. ఈసారి సైన్యం రాలేదు. లైసెన్సు గడువు తీరిందన్నారు. జూలైలో చట్టసభ సంఘం 70-11 ఓట్లతో పునరుద్ధరణను తిరస్కరించింది. అప్పటి అధ్యక్షుడు దుతెర్తే ఆ సంస్థ మీద కోపాన్ని ఏనాడూ దాచుకోలేదు. ఇక 2022 మేలో, నియంత కొడుకు మార్కోస్ జూనియర్ 3 కోట్ల 10 లక్షలకు పైగా ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఆయన ప్రచారం కూడా గతస్మృతి మీదే నడిచింది: సైనికశాసన కాలం స్వర్ణయుగమని, రోడ్లు శుభ్రమని, బియ్యం చవకని. చిన్న చిన్న వీడియోల్లో, పాత పాటల నేపథ్యంలో, పాత టి.వి. రంగుల్లో ఆ ప్రచారం ప్రతి ఫోనులోకీ వెళ్ళింది.

అప్పుడు నేను మావాణ్ణి అడిగాను, మీ గది మనిషి ఎవరికి ఓటు వేశాడని. "కొడుక్కే ఏసిండు" అన్నాడు. పాట పాడేవాడు, కథ ఆపినందుకు తండ్రి మీద నలభై ఏళ్ళు నిష్ఠూరం పెట్టుకున్నవాడు, కొడుక్కి ఓటు వేశాడు. "అదేందని నేనూ అడిగిన. అప్పుడు మా నాయిన ఇంటి కాడనే ఉండె, మంచిగుండె అన్నడు" అని చెప్పాడు.

ఈ జవాబు నా వాదాన్ని ఇబ్బంది పెడుతుంది, అయినా దాన్ని వదిలేసి రాయడం నిజాయితీ కాదు. తండ్రి ఇంట్లో ఉన్న సాయంకాలం, ఆ తండ్రిని ఎడారికి పంపిన చట్టం, కథను ఆపిన ఆదేశం: మూడూ ఒకే పాలన చేతి పనులు. కాని ఆయన జ్ఞాపకంలో మొదటిది ఒక చోట ఉంది, మూడవది ఇంకొక చోట ఉంది, రెండవది అసలు లేదు. వాటిని కలిపి చూపించే పని జ్ఞాపకం తనంత తాను చెయ్యలేదు. బళ్ళో పాఠం చెయ్యాలి, నవల చెయ్యాలి. అవి చెయ్యని చోట ఎన్నికల వీడియో చేసింది.

2023 మే 8న ఏడవ చానెల్ సంస్థే 'వోల్టెస్ ఫైవ్: లెగసీ' అనే పేరుతో ఆ కథను మనుషులతో, కంప్యూటర్ బొమ్మలతో కొత్తగా తీసి ప్రసారం మొదలుపెట్టింది. తొంభై భాగాలు. నిషేధించినవాడి కొడుకు అధ్యక్షుడిగా ఉండగా, కొమ్ములు లేనివాళ్ళ తిరుగుబాటు సెప్టెంబరు 8న ముగింపు దాకా నడిచింది. ఎవరూ ఆపలేదు, ఆపవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మధ్యలో ప్రకటనలు బాగా వచ్చాయట. దోహాలో డ్యూటీ దిగి వచ్చి ఫోనులో అన్ని భాగాలూ చూశాడట ఆ ఎలక్ట్రీషియన్. ఎలా ఉందని అడిగితే పాతదే బాగుందన్నాడని మావాడు చెప్పాడు.